గానయంత్రమును ఎర్తు తీగయు

పాతయిల్లు విప్పునపుడు గోడనుండి బయటపడిన రాగితీగ ముక్కకు చరిత్ర యేమి యుండునని మనము తలంపము. కాని మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో పాటయు కరెంటును మన యిండ్లలోనికి వచ్చిన కథను అట్టి తీగ నొకదానిని పట్టుకొనియే చెప్పవచ్చును. దానిని మనము ఎర్తు తీగ యందుము.

ఈ సీమకు విద్యుత్తు మొదట పొరుగింటి చుట్టము. 1902 జూన్ 30వ తేదీన మైసూరు సంస్థానమున శివసముద్రమునుండి కోలారు బంగారు గనులకు సుమారు 92 మైళ్లు తీగలవెంట అది ప్రవహించినది. ఆ గనులు కుప్పమునకు చేరువలోనివే. అయినను ఆ శక్తి గనుల యంత్రములకొరకే తేబడినది. ఆ దినములలో కలవారి యింట గ్రామఫోను మ్రోగినను దానికి కరెంటుతో పని లేదు. చేతితో త్రిప్పిన స్ప్రింగే దాని బలము.

1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ప్రారంభమైనది. ఈ ప్రాంతము అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. కరెంటు లేని యూళ్లలో రేడియో బ్యాటరీలతో నడిచెడిది. పెట్టె వెనుక రెండు తీగలకు చోటుండెను: ఒకటి ఏరియలు, రెండవది ఎర్తు. వెదురుగడల నడుమ నొక తీగను ఎత్తుగా కట్టి, వేరొక తీగను తడినేలలో దిగవేసిన యినుప కడ్డీకి చుట్టినచో దూరపు గానము స్పష్టముగా వినవచ్చెడిది. ఇట్లు పెక్కిండ్లలో ఎర్తు తీగ మొదట వచ్చినది పాట కొరకే.

పిదప కరెంటు పల్లెలకు ప్రాకెను. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినవి. కుప్పము ప్రాంతమున గ్రామీణ విద్యుత్ సహకార సంఘము పల్లెలకు కరెంటు నందించినది. టేకు బద్దలపై రబ్బరు తొడుగు తీగలు, పింగాణి ఫ్యూజులు గోడల కెక్కినవి. అప్పుడు ఎర్తునకు వేరొక బాధ్యత కలిగినది. యంత్రపు లోహపు పెట్టెకు కరెంటు సోకినచో, అది మనుష్యుని దేహముగుండ గాక ఆ తీగగుండ పోయి, ఫ్యూజును కరిగించి, సరఫరాను ఆపవలెను. నాడు పాటకు తోడైన తీగ ప్రాణమునకు కాపైనది.

నేడు ఆ కాపును పాటకొరకే తీసివేయువారు కలరు. ఇంటి యాంప్లిఫయరు గుయ్యిమని రొద చేయగనే ప్లగ్గులోని ఎర్తు తీగను త్రుంచెదరు. రొద ఆగును, దానితో కాపలాయు పోవును. రెండు సాధనములు వేర్వేరు దారుల ఎర్తునకు చేరుటచే తరచుగా ఆ రొద పుట్టును. అన్నిటిని ఒకే బోర్డునకు కలిపినచో పెక్కుమార్లు అది తగ్గును. తగ్గకున్నను తెలిసిన పనివానిని పిలువవలెను గాని తీగను త్రుంచరాదు.

మనది రాతినేల, వేసవిలో ఎండిపోవును. ఎండిన నేలలో ఎర్తు బలము తగ్గి, ఫ్యూజు కరుగకయు పోవచ్చును. కావున ఎర్తు గుంటను తడిగా నుంచి, దానిని పరీక్ష చేయించవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే సరఫరాను ఆపు స్విచ్చిని పెట్టించవలెను. పాత రబ్బరు తొడుగు బీటలు వారినచో తీగలు మార్పించవలెను. ఫ్యూజులో లావు తీగ వేయుట యింటికి నిప్పు పెట్టుకొనుటయే.

మద్రాసు పాట బాగుగా వినబడవలెనని ఎర్తు కడ్డీ మొదట చెంబెడు నీళ్లు పోసిన కాలమొకటి యుండెను. మనుమల ప్రాణముకొరకు నేడు బిందెడు పోయుటకు మనకు బద్ధకమేల?