ఒకసారి రిజిస్టరైతే చాలునా?

మన సంఘంలో డాక్టర్లున్న ఇళ్ళలో ‘అప్రైజల్’ అనే మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏడాదికొకసారి అది వస్తుంది. వచ్చే ముందు రెండు మూడు వారాంతాలు ఆ ఇంట్లో ఒకరు పేరంటాలకూ పుట్టినరోజులకూ కనిపించరు. ఆ ఏడాది విన్న ఉపన్యాసాలు, చదివిన వ్యాసాలు, పనిలో జరిగిన పొరపాట్ల నుంచి నేర్చుకున్న పాఠాలు, రోగులూ తోటి ఉద్యోగులూ తమను గురించి ఏమన్నారో ఆ వివరాలు అన్నీ కంప్యూటరులో ఎక్కిస్తూ కూర్చుంటారు. గంట చదువుకు ఒక పాయింటు చొప్పున ఏడాదికి 50, అయిదేళ్ళకు 250 అని రాయల్ కాలేజీల లెక్క.

ఇది అనాదిగా ఉన్న ఆచారమని చాలామంది అనుకుంటారు. కాని ఈ దేశంలో డాక్టరు లైసెన్సుకూ, పట్టా పుచ్చుకున్న తరువాత అతడు చదివే చదువుకూ ముడిపడింది 2012లో. అంతకుముందు 154 ఏళ్ళపాటు అలాంటి ముడి ఏదీ లేదు. ఆ ముడి ఎలా పడిందో, ఆ కథలో మనవాళ్ళ పాత్ర ఏమిటో నాకు తెలిసినంతలో చెప్పాలని ఈ వ్యాసం.

1858కి ముందు బ్రిటన్‌లో వైద్యానికి అనుమతి ఇచ్చే సంస్థలు 19 ఉండేవి. ఒక్కొక్కరిది ఒక్కొక్క పరీక్ష, ఒక్కొక్క ప్రమాణం. చదివిన వైద్యుడెవరో, సంతలో సీసాలమ్మేవాడెవరో జనానికి తెలిసే మార్గం లేదు. ఆ ఏడాది పార్లమెంటు చేసిన మెడికల్ యాక్టుతో నేటి జనరల్ మెడికల్ కౌన్సిలు పుట్టింది. మరుసటి సంవత్సరం మొదటి రిజిస్టరు అచ్చయింది. అందులో పేరుంటే వైద్యుడు, లేకుంటే కాదు. ఆ కాలానికి ఇది గొప్ప సంస్కరణే.

అయితే ఆ రిజిస్టరులో ఒకసారి పేరు ఎక్కితే బతికినంతకాలం అది ఉండేది. ఫీజు కూడా ఒక్కసారే. నేరం చేసినా, వృత్తికి తలవంపులు తెచ్చే పని చేసినా పేరు తీసేవారు. చదివినదంతా మరచిపోయినందుకు మాత్రం ఎవరూ తీసేవారు కాదు. పనితనం సరిగా లేదన్న కారణంతో ఒక డాక్టరును విచారించే అధికారం కౌన్సిలుకు 1995 చట్టంతో వచ్చి, 1997లో అమలయింది. అంటే దాదాపు 140 ఏళ్ళు పట్టింది.

అంతకాలమూ డాక్టర్లు చదువు మానేశారని దీని అర్థం కాదు. 1773లో లెట్సమ్ అనే వైద్యుడు లండనులో మెడికల్ సొసైటీని స్థాపించాడు. 1832లో చార్లెస్ హేస్టింగ్స్ వూస్టరులో ఒక సంఘం పెట్టాడు. అదే తరువాత బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ అయింది. దాని పత్రిక 1840 నుంచి వస్తున్నది. పట్టా తరువాత చదువు ఎంత ముఖ్యమో విలియం ఆస్లర్ 1900లో లండనులో ఉపన్యాసమే ఇచ్చాడు. 1935లో హామర్‌స్మిత్‌లో పోస్ట్‌గ్రాడ్యుయేట్ వైద్య కళాశాల తెరిచారు. కాని ఇవన్నీ ఇష్టమున్నవారికి. ఇలాంటి సభలకు చదువు అంతగా అవసరం లేనివారే ముందు వరుసలో కూర్చుంటారు. అవసరమున్నవారు అసలు రారు. ఈ చిక్కు ఈనాటికీ తీరలేదు.

ఇక మన సంగతి. లోపలివారిని ఏమీ అడగని కౌన్సిలు, గుమ్మంలో నిలబడ్డవారిని మాత్రం మొదటి నుంచీ గట్టిగానే అడిగింది. ఇండియా యూనివర్సిటీల వైద్య డిగ్రీలకు ఇక్కడ గుర్తింపు ఉండేది. ప్రసూతి శిక్షణ చాలడం లేదని ఏళ్ళతరబడి తకరారు నడిచి, 1930లో ఆ గుర్తింపును తీసేశారు. మనదేశంలో దీనిపై ఆగ్రహం వచ్చింది. మా డిగ్రీల మంచిచెడ్డలు మేమే చూసుకుంటామన్న పట్టుదల బలపడింది. 1933 చట్టంతో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడటానికి ఇది ముఖ్య కారణం. గుర్తింపు తరువాత తిరిగి వచ్చింది.

డిగ్రీని బట్టి మనిషి భవిష్యత్తును తూచడం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకుంటే చాలు. మద్రాసులో ఆయనకు దక్కింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చిందని చెబుతారు. 1923లో బోస్టన్ చేరి, 1930లో హార్వర్డులో పిహెచ్.డి. అందుకుని, ఆ తరువాత లెడర్లీలో తన బృందంతో మెథోట్రెక్సేటు దాకా వెళ్ళాడాయన. అదంతా పట్టా తరువాతి చదువే.

1948 జూలై 5న నేషనల్ హెల్త్ సర్వీసు మొదలయింది. 1960ల నాటికి డాక్టర్ల కొరత తీవ్రమయింది. మన పెద్దలు ఎక్కువమంది వచ్చిన కాలమిదే. మద్రాసు, విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు కళాశాలల పట్టాలతో వచ్చి, ఇంగ్లీషు డాక్టర్లు అంతగా ఇష్టపడని వృద్ధుల వార్డులలోనూ, మానసిక వైద్యశాలలలోనూ, వేల్సు బొగ్గు లోయలలోనూ, ఫ్యాక్టరీ పట్టణాలలోనూ పని అందుకున్నారు. ఆ రోజుల్లోనే, 1961 డిసెంబరులో, ఆక్స్‌ఫర్డ్ క్రైస్ట్ చర్చిలో నఫీల్డ్ ట్రస్టు ఒక సమావేశం జరిపింది. దాని ఫలితంగా జిల్లా ఆసుపత్రులలో పోస్ట్‌గ్రాడ్యుయేట్ సెంటర్లు లేచాయి. లైబ్రరీ, లెక్చరు గది, మందుల కంపెనీవారి ఖర్చుతో మధ్యాహ్న భోజనం అక్కడ పరిపాటి అయ్యాయి. మన పెద్దలలో చాలామంది ఎఫ్.ఆర్.సి.ఎస్.కు, ఎం.ఆర్.సి.పి.కి చదివింది ఆ గదులలోనే.

1970 ప్రాంతంలో జి.ఎం.సి. ఏటేటా ఫీజు కట్టాలన్నది. డాక్టర్లు తిరగబడ్డారు. గొడవ ముదిరి ప్రభుత్వం 1972లో మెర్రిసన్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది. 1975లో దాని నివేదిక వచ్చింది. విదేశాల నుంచి వచ్చిన వైద్యులలో కొందరి ప్రమాణం చాలదని ఆ నివేదిక చెప్పింది. అదే ఏడాది ఇండియా డిగ్రీలకు గుర్తింపు మళ్ళీ పోయింది. ఆ వేసవి నుంచి మనదేశం నుంచి వచ్చేవారికి భాషలోనూ వైద్యంలోనూ పరీక్ష పెట్టారు. అదే తరువాత ప్లాబ్ అయింది. మొదటి సంవత్సరాలలో రాసినవారిలో ఎక్కువమంది తప్పారు.

సరిగ్గా ఆ మరుసటి సంవత్సరం, 1976లో, ఆల్మెంట్ కమిటీ అనే మరొక సంఘం తన నివేదిక ఇచ్చింది. డాక్టర్లు తమ వృత్తికి తగిన శక్తిని నిలుపుకుంటున్నారా అన్నదే దాని విచారణాంశం. కాలపరిమితితో లైసెన్సును మళ్ళీ పరీక్షించడం అవసరం లేదని, వృత్తి గౌరవానికే వదలిపెట్టవచ్చునని అది తేల్చింది.

ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి. బయటినుంచి వచ్చే యువ డాక్టరుకు గుమ్మంలోనే పరీక్ష. లోపల ముప్ఫై ఏళ్ళ క్రితం చదివినవారికి ఏ పరీక్షా లేదు. మన పెద్దలకు ఇది అన్యాయంగా తోచింది, అందులో నిజముంది. అయితే పరీక్ష పెట్టడం అన్యాయమని నేననను. ప్లాబు రాసి వచ్చినదాన్నే. రోగికి తన డాక్టరు ప్రమాణం తెలుసుకునే హక్కు ఉంది. ఆ ప్రశ్నను ఒక్క గుమ్మం దగ్గరే, కొందరినే అడగడంలో ఉంది లోపం. డాక్టరు ఎక్కడ పుట్టాడన్నదానికన్న ఎప్పుడు చదివాడన్నది రోగికి ఎక్కువ ముఖ్యం కావచ్చు.

డాక్టర్లు కాని పాఠకుల కోసం రెండు ఉదాహరణలు చెబుతాను. కడుపులో పుండుకు కారణం దిగులూ కారమూ అని తరతరాలుగా చెప్పేవారు. పచ్చళ్ళు మానిపించి, పాలు తాగించి, తగ్గకపోతే కడుపు కోసేవారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు దీని వెనక ఒక సూక్ష్మజీవి ఉందని కనిపెట్టారు. పెద్దలు నవ్వారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడది చాలామందికి ఒకటి రెండు వారాల మాత్రలతో నయమయ్యే జబ్బు. రెండవది ఇంకా విషాదకరం. పసిబిడ్డలను బోర్లా పడుకోబెట్టమని ఈ దేశంలో డాక్టర్లూ నర్సులూ దశాబ్దాలపాటు సలహా ఇచ్చారు. అలా పడుకోబెట్టడం వల్ల ఉయ్యాలలో హఠాన్మరణాలు పెరుగుతున్నాయని తేలి, 1991లో వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం చేశారు. కొద్ది సంవత్సరాలలో ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. పాత పాఠం మరవకపోవడం కూడా ప్రాణాంతకమే.

అమెరికా ఈ విషయంలో ముందు నడిచింది. అక్కడి జనరల్ ప్రాక్టీసు అకాడమీ 1947లో పుట్టినప్పుడే సభ్యత్వం నిలవాలంటే మూడేళ్ళకు 150 గంటల చదువు ఉండాలన్నది. 1971లో న్యూ మెక్సికో రాష్ట్రం లైసెన్సుకే ఆ నియమం పెట్టింది. బ్రిటన్ మాత్రం డబ్బుతో ప్రోత్సహించింది. 1990 కొత్త ఒప్పందంలో జి.పి.లు ఏడాదికి సగటున అయిదు రోజుల శిక్షణ చూపిస్తే సుమారు 2,000 పౌండ్ల భత్యం వచ్చేది. దగ్గరలో ఏ కోర్సు ఉంటే, ఎక్కడ భోజనం బాగుంటే అక్కడికే వెళ్ళేవారని ఆనాటి పెద్దలు నవ్వుతూ చెబుతారు.

ఈ నిదానాన్ని కదిలించినవి రెండు ఘోరాలు. మొదటిది బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో పసిపిల్లల గుండె ఆపరేషన్లు. 1991 నుంచి 1995 లోపల ఏడాది నిండని పిల్లలు అనుకున్నదానికన్న 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని కెన్నడీ విచారణ 2001లో చెప్పింది. స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు లెక్కలు చూపించి హెచ్చరించినా చాలాకాలం ఎవరూ వినలేదు. రెండవది హెరాల్డ్ షిప్‌మన్ కథ. మాంచెస్టరు దగ్గరి హైడ్‌లో జి.పి. అయిన ఇతడు 15 హత్యలకు 2000 జనవరిలో దోషిగా తేలాడు. చంపినవారు 215 మంది అని తరువాత విచారణలో తేలింది. 1976లోనే పెథిడీన్ కోసం దొంగ చీటీలు రాసి శిక్షపడినవాడు. జి.ఎం.సి. అప్పుడు హెచ్చరిక ఉత్తరంతో వదిలేసింది.

ఆసుపత్రి కన్సల్టెంట్లకు 2001లో, జి.పి.లకు 2002లో ఏటేటా అప్రైజల్ మొదలయింది. రీవాలిడేషన్ 2005 ఏప్రిల్‌లో రావలసింది. కాని 2004 డిసెంబరులో షిప్‌మన్ విచారణ నడిపిన జడ్జి జేనెట్ స్మిత్, మీరు తలపెట్టినది డాక్టరు యోగ్యతను నిజంగా కొలవదని తీవ్రంగా విమర్శించింది. పథకం ఆగిపోయింది. 2009 నవంబరులో రిజిస్ట్రేషనునూ లైసెన్సునూ వేరు చేశారు. 2012 డిసెంబరు 3న రీవాలిడేషన్ అమలయింది.

ఇంత చేసి ఏం సాధించాం? షిప్‌మన్‌కు చదువు తక్కువై కాదు ఆ పనులు చేసింది. పాయింట్లు అడిగితే అతడు ఎవరికన్నా ముందే తెచ్చి ఇచ్చేవాడేమో! అతణ్ణి పట్టుకోవలసింది మరణ ధృవపత్రాల లెక్కలు, మత్తుమందుల నిఘా. బ్రిస్టల్‌కు మాత్రం ఈ పద్ధతి కొంత జవాబే. నీ ఫలితాలు తోటివారితో పోల్చి చూసుకున్నావా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇందులో విలువైనది ఆ ప్రశ్న. పాయింట్ల లెక్క మొక్కుబడిగా కూడా తీర్చవచ్చు.

ఇందులో భయమూ ఉంది. 2018లో ఒక శిక్షణా వైద్యురాలి పేరు రిజిస్టరు నుంచి తొలగించి, ఆ ఆగస్టులో అప్పీలు కోర్టు తిరిగి చేర్చింది. ఆ నెలలలో, మన పొరపాట్లను మనమే రాసుకుంటే అవే మన మీదకు వస్తాయన్న అనుమానం దేశమంతా పాకింది. విచారణలలో ఆ రాతలను అడగబోమని జి.ఎం.సి. ప్రకటించవలసి వచ్చింది. బయటి దేశాల నుంచి వచ్చిన మనకు ఆ జంకు ఇంకొంచెం ఎక్కువ. భయపడేవాడు నేర్చుకున్నది రాయడు, రాసినది నేర్చుకోడు.

2020 మార్చిలో కరోనా వచ్చి అప్రైజళ్ళు ఆపేశారు. లైసెన్సు వదలిపెట్టి రిటైరైన డాక్టర్లకు జి.ఎం.సి. అత్యవసర రిజిస్ట్రేషను ఇచ్చింది. ఎన్ని పాయింట్లున్నాయని అప్పుడెవరూ అడగలేదు. ఆ జూన్ 16న డెక్సామెథసోన్ ఫలితం ప్రకటించారు. వెంటిలేటరు మీద ఉన్నవారి మరణాలు మూడింట ఒక వంతు తగ్గాయని తెలిసిన వెంటనే దేశంలో వార్డులన్నీ దాన్ని వాడటం మొదలుపెట్టాయి. అవసరం కళ్ళెదుట ఉంటే డాక్టర్లు ఎంత త్వరగా నేర్చుకుంటారో ఆ వారం చూశాం.

మనదేశంలో 2002 నియమావళి అయిదేళ్ళకు 30 గంటల చదువు ఉండాలన్నది. 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషను కొత్త నిబంధనలు తెచ్చి అదే నెలలో పక్కనపెట్టింది. అక్కడి మన తోటివారికీ ఇదే ప్రశ్న ఎదురవుతున్నది.

చివరగా ఒక సూచన. పదిమంది డాక్టర్లు కూర్చుని కేసులు చర్చించి, ఏం నేర్చుకున్నామో రాసుకుంటే అదీ లెక్కకు వస్తుంది. మన సంఘం ఉగాది సభ రోజున ఉదయం ఒక గంట దీనికి కేటాయిస్తే బాగుంటుంది. కొత్తగా ప్లాబు రాసి వచ్చిన పిల్లలు, పిల్లల పెంపకం కోసం కొన్నాళ్ళు పని మానిన అమ్మలు, లైసెన్సు వదిలేసిన పెద్దలు ఒకచోట చేరాలి. కొత్త మందుల సంగతి చిన్నవాళ్ళు చెబుతారు. రోగి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని మాట్లాడటం ఎలాగో బొగ్గు లోయలలో నలభై ఏళ్ళు పనిచేసినవారు చెబుతారు. దానికి పాయింట్లు వచ్చినా రాకపోయినా నేర్చుకోవలసిన చదువే. ఆసక్తి ఉన్నవారు సంపాదకులకు ఒక ముక్క రాయవలసిందిగా కోరుతున్నాను.