ఆంగ్ల వ్యాకరణంలో ‘ఎనిమిది’ భాషాభాగాలు: ఒక లెక్క చరిత్ర

పాఠశాల స్థాయి ఆంగ్ల వ్యాకరణ బోధన తరచుగా ‘పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిది’ అన్న వాక్యంతో మొదలవుతుంది. నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్, అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్‌జెక్షన్ అని విద్యార్థి వల్లె వేస్తాడు. ఈ విభజన ఆంగ్లభాషా స్వభావం నుంచే పుట్టిందన్న భావన తరగతి గదుల్లో స్థిరపడింది. చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతుంది.

ఎనిమిది అన్న సంఖ్య గ్రీకులది. క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేరిట ప్రచారంలో ఉన్న వ్యాకరణంలో ఆర్టికల్, పార్టిసిపుల్ వేర్వేరు భాగాలు. అడ్జెక్టివ్ మాత్రం నౌన్‌లోనే అంతర్భాగం. ఇంటర్‌జెక్షన్ అసలే లేదు. లాటిన్‌లో ఆర్టికల్ లేనందున రోమన్ వ్యాకర్తలు దానిని తొలగించి, ఆ స్థానంలో ఇంటర్‌జెక్షన్‌ను చేర్చారు. సభ్యులు మారినా లెక్క మారలేదు. 4వ శతాబ్దంలో డొనాటస్ ప్రశ్నోత్తర రూపంలో రచించిన చిన్న పుస్తకం ఈ ఎనిమిదింటినే వివరిస్తూ శతాబ్దాల పాటు ఐరోపా పిల్లలకు పాఠమైంది.

1586లో విలియం బుల్లోకర్ ప్రచురించిన తొలి ఆంగ్ల వ్యాకరణం లిలీ పేరిట వాడుకలో ఉన్న లాటిన్ వ్యాకరణాన్ని అనుసరించింది. లాటిన్‌లో లేదని తొలగించిన ఆర్టికల్ ఆంగ్లంలో ఉంది. అయినా ఆ ఎనిమిదింటిలో దానికి చోటు దక్కలేదు! ఆంగ్లాన్ని లాటిన్ చట్రంలో బిగించడాన్ని జాన్ వాలిస్ 1653లో ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణ వెలువడిన గ్రంథం మాత్రం లాటిన్‌లోనే ఉంది.

లాటిన్‌లో అడ్జెక్టివ్ నౌన్ వలెనే లింగ వచన విభక్తులను పొందుతుంది గనుక రెండింటినీ ఒకటిగా చూడటం సమంజసమే. ఆంగ్లంలో ఆ ఆధారం లేదు. 1761లో జోసెఫ్ ప్రీస్ట్లీ పార్టిసిపుల్‌ను తొలగించి అడ్జెక్టివ్‌కు ప్రత్యేక స్థానమిచ్చాడు. మరుసటి ఏడాదే రాబర్ట్ లౌత్ ఆర్టికల్‌ను కలిపి తొమ్మిది భాగాలు చెప్పాడు. 1795లో వెలువడి విస్తృత ప్రచారం పొందిన లిండ్లే మరే వ్యాకరణమూ తొమ్మిదినే స్వీకరించింది. సభ్యత్వాన్ని బట్టి చూస్తే నేటి పాఠ్యపుస్తకాల పట్టిక ప్రీస్ట్లీ జాబితాకే సరిపోలుతుంది.

భారతీయ సంప్రదాయపు లెక్కలు వేరు. యాస్కుడు పదజాతులు నాలుగన్నాడు. పాణిని పదాన్ని సుబంతం, తిఙంతం అని రెండుగా విభజించాడు. తెలుగు పాఠ్యపుస్తకాలు భాషాభాగాలు ఐదంటాయి. ఈ భేదం కేవలం సంఖ్యకు సంబంధించినది కాదు. ‘ప్రిపొజిషన్’ అన్న పేరులోనే ‘ముందుంచబడినది’ అన్న అర్థముంది. తెలుగులో ‘బల్ల మీద’ అన్నప్పుడు ‘మీద’ నామానికి తరువాత వస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఆ పట్టిక నుంచి జారిపోయిన పార్టిసిపుల్. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అన్నచోట తెలుగు ఒక్క ధాతుజ విశేషణంతో సాధించిన పనికి ఆంగ్లం ‘హూ’తో మొదలయ్యే ఉపవాక్యాన్ని ఆశ్రయిస్తుంది. తెలుగు విద్యార్థి ‘ఎస్టర్‌డే కేమ్ బాయ్’ అని రాస్తే అది అజ్ఞానం కాదు. మాతృభాషా నిర్మాణాన్ని క్రమబద్ధంగా అనుసరించడమే. అతడు వల్లె వేసిన ఎనిమిదింటిలో ఆ ‘వచ్చిన’కు పేరే లేదు.