ఇల్లు కదలొద్దన్న రోజు

2016 అక్టోబర్ 11, దసరా. పొద్దున లేచేసరికి మా ఊరు కరీంనగర్ జిల్లాలోనే ఉంది. జమ్మి ఇచ్చిపుచ్చుకునే వేళకు జగిత్యాల జిల్లాలో ఉంది. 10 జిల్లాల తెలంగాణ ఆ ఒక్కరోజులో 31 అయింది. ఆదిలాబాద్ ఒక్కటే నాలుగైంది.

సరిగ్గా ఆ వారమే, హైదరాబాద్‌లో నేను చూసుకుంటున్న ప్రోగ్రాం కూలిపోవడం మొదలైంది. అందులో జిల్లా లోపల మండలాలు, వాటి లోపల ఊర్లు, ఊర్ల లోపల ఇళ్లు. ఒక థ్రెడ్ కొత్త హద్దుల ప్రకారం ఊర్లను అటు నుంచి ఇటు మారుస్తుంటే, ఇంకో థ్రెడ్ ఆ చెట్టంతా తిరిగి వరుసగా ఫైల్లోకి రాస్తుంది. ఈ రాతనే సీరియలైజేషన్ అంటారు. నా మెషిన్ మీద ఒక్కసారీ పడదు. సర్వర్ మీద రోజుకు రెండుసార్లు పడుతుంది. ఎక్కడ పడుతోందో చూద్దామని లాగ్ లైన్లు పెంచితే అసలే పడదు, ఎందుకంటే లాగ్ రాసే ఆలస్యంతో థ్రెడ్ల వేళలు మారిపోతాయి.

చివరికి దొరికిన పేరు: కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్. 1998లో జావాకు కలెక్షన్స్ వచ్చినప్పటి నుంచీ ఉన్న ఏర్పాటు. తనను ఎన్నిసార్లు మార్చారో జాబితా లెక్క పెట్టుకుంటుంది. చదివేవాడు అడుగడుగునా ఆ లెక్క చూసుకుంటాడు, తేడా కనిపిస్తే అక్కడే ఆగిపోతాడు. అయితే ప్రతిసారీ పట్టుకుంటానని అది మాటివ్వదు.

మొదట జిల్లాల జాబితాను కాపీ చేసి, ఆ కాపీని రాయించాను. క్రాష్ ఒక మెట్టు దిగి మండలాల దగ్గర పడింది. పై జాబితా కొత్తదే గానీ లోపలివన్నీ పాతవే కదా. అప్పుడు ప్రతి జాబితాకూ విడిగా తాళం వేశాను. క్రాష్‌లు ఆగాయి. రెండు రోజులు హాయిగా పడుకున్నాను కూడా.

మూడో రోజు ఫైల్లో ఒక ఊరు లేదు.

ఊరిని మార్చడమంటే రెండు పనులు: పాత మండలం నుంచి తీయడం, కొత్తదాంట్లో వేయడం. ఏ పనికి ఆ పనికి తాళం ఉంది, రెంటి మధ్య లేదు. ఆ సందులో రాత థ్రెడ్ పోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, మూడు వందల ఇళ్లు లేవు. క్రాష్ అయితే కనీసం అరుస్తుంది.

అప్పుడు 2014 ఆగస్టు 19 గుర్తొచ్చింది. సమగ్ర కుటుంబ సర్వే. కోటికి పైగా ఇళ్లను ఒక్కరోజులో రాయాలి. ఎవరూ కదలకుండా ఉంటేనే అది కుదురుతుంది. అందుకే సెలవు ఇచ్చారు, బస్సులు ఆపారు, దుకాణాలు మూశారు. సిరిసిల్ల నుంచి భివండి పోయిన నేతవాళ్లు కూడా రైళ్లు పట్టుకొని వచ్చారు. నేను ముందురోజు రాత్రి జగిత్యాల బస్సులో నిలబడే పోయాను. "ఇయ్యాల ఇల్లు కదలొద్దు బిడ్డా, రాసెటోళ్లు ఎప్పుడొస్తరో ఏమో" అని బాపు నన్ను గల్లీలోకి కూడా పోనియ్యలేదు. దుబాయిలో ఉన్న చిన్నబాపు రాలేకపోయాడు. ఆయన పేరు రాయాలని బాపు, మనిషి కనబడాలె గదా అని రాసేటాయన, చాలాసేపు మాట్లాడుకున్నారు.

రాష్ట్రమంతటికీ ఒకే తాళం. ప్రోగ్రాంలో అంతసేపు ఎవరూ ఊరుకోరు. జనగణన వాళ్ల దారి వేరు: 2011 లెక్కకు 2009 డిసెంబర్ 31 నాటి హద్దులను పట్టుకొని ఆ బొమ్మ మీదే రాశారు. నేను రెంటినీ కలిపాను. తీసి వేయడమంతా ఒకే తాళం కింద. అదే తాళం కింద ఇళ్ల దాకా పూర్తి కాపీ, అది కొన్ని క్షణాల పని. తాళం వదిలాక తీరిగ్గా ఫైల్లోకి రాత. ఊర్లు మాయం కావడం ఆగింది.

ఊర్లు చేతులు మారడం మా వైపు కొత్తేమీ కాదు. 1905లో ఎలగందుల జిల్లా నుంచి చెన్నూరు, లక్సెట్టిపేట తాలూకాలను తీసి ఆదిలాబాద్‌లో కలిపారు, మిగిలింది కరీంనగర్ జిల్లా అయింది. 1956లో రాజురా తాలూకా ఆదిలాబాద్ నుంచి బొంబాయి రాష్ట్రానికి పోయింది. ఆ తీసి వేసే పని ఒకచోట ఇంకా పూర్తి కాలేదు. కెరమెరి మండలం సరిహద్దులో పరందోళి, ముకదంగూడ లాంటి డజనుకు పైగా ఊర్లను తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవే అంటాయి. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు జాబితాల్లో పేర్లు.

మా ప్రోగ్రాంలో ఊరికి ఒక్క మండలమే ఉండాలని నియమం. అది రాసింది నేనే. పరందోళి పక్కన ఇప్పటికీ కెరమెరి అనే ఉంది.