అపోలో పీఠముమీది మసక యక్షరములు

ప్రాచీన గ్రీసు దేశమున గుడి లేకున్నను పూజ సాగును గాని బలిపీఠము లేకున్న సాగదు. ఆరుబయట శిలాపీఠము నిలిపి, దానిపై నగ్నియందు హవిస్సు లర్పించెడివారు. ప్రతిష్ఠించినవాడు తన పేరును, దేవుని పేరును రాతిపై చెక్కించుటయు గలదు. అట్టివానిలో నొకదానిని గూర్చి మనవి చేసెదను.

ఏథెన్సు నేలిన హిప్పియాసు కుమారుడు పిసిస్ట్రాటసు. ఇతడు ఆర్కను అను ఒక యేటి యధికారమును నెరపి, దాని గుర్తుగా పైథియను అపోలో యావరణమున పీఠమును ప్రతిష్ఠించెను. దాదాపు నూరేండ్లకు పిమ్మట తుసిడిడీసు అను చరిత్రకారుడు దానిమీది శాసనపద్యమును తన గ్రంథమున నెత్తి వ్రాసి, అక్షరములు మసకగా నున్నవనెను. 1877లో ఇలిస్ససు ఏటిచెంత ఆ పీఠపు తునుకలు బయల్పడినవి. చూడగా నక్షరములు చక్కగా, స్పష్టముగా నున్నవి! మఱి యాతడు చూడకయే వ్రాసెనందమా? పాఠము సరిపోవుచున్నది గదా. యవనులు చెక్కిన యక్షరములకు ఎఱ్ఱరంగు పూయుచుండిరి. రంగు పోయిన పిదప తెల్లని చలువరాతిపై సన్నని గాడి దూరమునకు గనబడదు. నాకీ సమాధానమే యుక్తముగా దోచుచున్నది.

ఇట్టి శాసనములలో పదములకు నడుమ ఎడముండదు. తాటాకు గ్రంథములు చదివినవారికి పదచ్ఛేదపు చిక్కు క్రొత్తది కాదు. మఱింత పాతవానిలో నొక పంక్తి ఎడమనుండి కుడికిని, తరువాతిది కుడినుండి ఎడమకును నడచును. అక్షరములును మొగము త్రిప్పును. దుక్కిటెద్దు చాలు చివర మరలినట్లుండుటచే యవనులే దానికి ఎద్దుమలుపని పేరిడిరి. క్రీ. పూ. 403 వఱకు ఏథెన్సు ప్రభుత్వ శాసనములలో ఎకార ఏకారములకు సామాన్యముగా నొకటే గుర్తు. మన పాత తెలుగు శాసనములలోను ఇంతే గదా!

రాయి అరిగినచో తడికాగితము నద్ది, కుంచెతో కొట్టి, ఆరిన పిదప తీసి చదువుదురు. లేదా ప్రక్కనుండి దీపము పట్టుదురు.

ఈ పీఠపు కాలమునుగూర్చియు వాదము గలదు. లిపి సొంపును బట్టి కొందఱు దానిని క్రీ. పూ. 490ల కీడ్చిరి. కాని 510లోనే హిప్పియాసు దేశభ్రష్టుడయ్యెను. అటుపిమ్మట నతని కుమారునికి పదవి యెట్లు దక్కును? 1939లో ప్రకటింపబడిన ఆర్కనుల పట్టిక తునుకపై 522-521 సంవత్సరమునకు దగిన చోట నొక పేరు కలదు. అందు నడిమి యక్షరములే మిగిలినవి. తక్కినవి పండితుల పూరణము. అది పిసిస్ట్రాటసు పేరే యని పెక్కుర మతము. పీఠపు తునుకలు ఏథెన్సులోని శాసన ప్రదర్శనశాలలో భద్రపఱుపబడి యున్నవి.