ఫానీ ఫార్మర్ చదును చేసిన కప్పు

పదహారేళ్ల వయసులో పక్షవాతానికి గురై చదువు మానుకున్న ఫానీ ఫార్మర్, 1896లో ‘బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్‌బుక్’ వెలువరించారు. ప్రచురణ సంస్థకు నమ్మకం కుదరలేదు. తొలి ముద్రణ 3,000 ప్రతుల ఖర్చు ఆమే భరించారు. అంతకుముందు అమెరికన్ వంట పుస్తకాలు చాలామటుకు కోడిగుడ్డంత వెన్న, టీకప్పుడు పిండి అంటూ సాగేవి. ఎవరింటి టీకప్పు?

ఇంట్లో త్రాసు ఉండాలని ఫార్మర్ పట్టుబట్టలేదు; కప్పుకే క్రమశిక్షణ నేర్పారు. పిండిని జల్లించి, చెంచాతో కప్పులో పోసి, కుదపకుండా కత్తితో పైభాగం చదును చెయ్యాలి. అప్పుడు నాలుగు కప్పుల పిండి ఒక పౌండు. వెన్న, పంచదార అయితే రెండు కప్పులే. అంటే కప్పు పిండి సుమారు 113 గ్రాములు. అదే కప్పును నేరుగా పిండి డబ్బాలో ముంచి తీస్తే 140 దాటవచ్చు, కేకు బిరుసెక్కుతుంది. సోలతో బియ్యం కొలిచిన తెలుగిళ్లలో రాశిగా పోసిన సోలకూ, పైన చేత్తో చెరిపిన సోలకూ తేడా ఎరగనివారుండరు. పిండి విషయంలో అదనంగా గాలి కూడా కొలతలో చేరుతుంది.

నేటి పట్టికల్లో కప్పు మైదా ఒకచోట 120 గ్రాములు, మరొకచోట 125, ఇంకొకచోట 142. వీటిలో ఏదీ తప్పు కాదు. కప్పు ఎలా నింపారో చెప్పని పట్టికతోనే చిక్కు.