రంగపిళ్ళె మేడ, రాట్ఛందము

ఛందస్సు చదువుకునే రోజుల్లో కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ పేరు నేనూ వల్లె వేశాను. ఆ ఆనందరంగడెవరో మాస్టారు చెప్పలేదు, నేను అడగలేదు. ‘రాట్’ అన్నారు గనక ఏ సంస్థానాధీశుడో అనుకున్నాను. పుదుచ్చేరిలో ఆయన పేరుతోనే ఉన్న వీధిలో, ఆయన మేడ ముందు నిలబడ్డాకగాని విషయం తలకెక్కలేదు. ఆనందరంగ పిళ్ళె (1709–1761) రాజు కాడు. ఫ్రెంచి కంపెనీకి దుబాసీ, బట్టల వర్తకుడు. డూప్లే గవర్నరుగా ఉండగా 1747లో ప్రధాన దుబాసీ అయ్యాడు.

18వ శతాబ్దం ప్రథమార్ధంలో కట్టిన ఇల్లు అది. కింది అంతస్తు అచ్చంగా దక్షిణాది వర్తకుల లోగిలి: చెక్కిన కొయ్య స్తంభాలు, వాటి మీద దూలాలు. మేడమీద మాత్రం ఇటుకా సున్నంతో యూరపు తరహాలో లేపిన స్తంభాలు. దీన్ని ‘రెండు సంస్కృతుల సమ్మేళనం’ అని మురిసిపోయేవాళ్ళున్నారు. నాకు మాత్రం అందులో దుబాసీ వృత్తే కనిపించింది. కింద ఊరి భాష, పైన దొర భాష. నడుమ మెట్లెక్కుతూ దిగుతూ బతికేవాడు యజమాని. ఎన్ని దొర స్తంభాలు లేపినా ఇల్లు కాలువకు పడమట, ‘నల్లవాళ్ళ పట్నం’లోనే ఉండిపోయింది. తెల్లవాళ్ళ మేడలు కాలువకు తూర్పున, సముద్రం వైపు.

1736 నుంచి ఆయన తమిళంలో దినచర్య రాసుకున్నాడు. ఓడల రాకపోకలు, సరుకు బేరాలు, దర్బారు కబుర్లు, తన వక్కల కొట్లో కూర్చుని విన్న ముచ్చట్లు అన్నీ అందులో ఉన్నాయి. 1743లో అమాయకుల్ని పట్టుకుపోయి బానిసలుగా ఓడలెక్కించిన దారుణం కూడా ఉంది. అంతటి సాక్ష్యం ఏ ఆస్థానకవి రాశాడు గనక! 1752లో శ్రీనివాసకవి సంస్కృతంలో ‘ఆనందరంగ విజయ చంపువు’ రాశాడు. రంగకవి లక్షణగ్రంథాన్నే ఆయన పేర వెలయించాడు. కవిని నేను తప్పుపట్టను. పోషించే రాజులు తరిగిపోతున్న కాలంలో వర్తకుడే కృతిపతి అయ్యాడు. పాత బిరుదు కొత్త డబ్బుకు అతికింది. కానీ ఆ డబ్బుకు మూలమైన బట్ట నేసిన చేతులకు గ్రంథంలోనూ చోటు లేదు, మేడలోనూ లేదు. కొయ్య స్తంభాల ముందు చాలాసేపు నిలబడ్డాను. చెక్కిన వడ్రంగి పేరు వాటిమీద నాకెక్కడా కనిపించలేదు.

1761 జనవరిలో ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని పట్టుకోవడానికి కొద్ది రోజుల ముందే పిళ్ళె కన్నుమూశాడు. తరవాత పట్నాన్ని చాలామట్టుకు నేలమట్టం చేశారు. మిగిలిన కొద్ది ఇళ్ళలో ఇదొకటి.