తైబే బ్రూవరీ: పాలస్తీనా ఊరిలో ఓ చిన్న కంపెనీ చరిత్ర

పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్‌లో, రమల్లాకు ఈశాన్యంగా తైబే అనే క్రైస్తవుల ఊరుంది. తైబే అంటే అరబీలో మంచిది, రుచికరమైనది. మనం ‘హలాల్, తయ్యిబ్’ అంటామే, అదే మాట. ఈ పేరు సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ పెట్టాడని ఊరివాళ్లు చెప్పుకుంటారు.

1993 ఓస్లో ఒప్పందంతో శాంతి వస్తుందన్న ఆశ పుట్టింది. అమెరికా నుంచి తిరిగొచ్చిన నదీమ్, డేవిడ్ ఖూరీ అన్నదమ్ములు 1994లో ఇక్కడ బీరు కంపెనీ పెట్టారు. బార్లీ మాల్ట్, హాప్స్, ఈస్ట్, నీళ్లు, ఇవే ముడిసరుకులు. నీళ్లు దగ్గర్లోని ఐన్ సామియా ఊటవి.

2000లో రెండో ఇంతిఫాదా మొదలైంది. టూరిస్టులు ఆగిపోయారు, అమ్మకాలు పడిపోయాయి. సరుకు బయటికెళ్లాలంటే ఇజ్రాయెల్ చెక్‌పోస్టులు దాటాలి, ఎగుమతికి ఇజ్రాయెల్ పోర్టులే దిక్కు. లారీ ఎన్ని గంటలు ఆగినా ఖర్చు కంపెనీదే. అయినా మూసెయ్యలేదు. 2005లో ఊళ్లో అక్టోబర్‌ఫెస్ట్ పండుగ మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల ముస్లింల కోసం ఆల్కహాల్ లేని రకం కూడా తెచ్చారు. నదీమ్ కూతురు మదీస్ కూడా తయారీ పనిలోకి వచ్చారు.

మద్యం మనకు హరామ్, అందులో రెండో మాట లేదు. కానీ ఈ కంపెనీ లెక్కలు చూస్తే ఒకటి అర్థమవుతుంది: చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీ క్రైస్తవుడిదైనా ముస్లిందైనా, నష్టం పాలస్తీనీయుడిదే.